చూచువాని ఋణము

మహానవమినాడు వేమగల్ వీధులలో నడచువానికి, మన జనులకు యంత్రములయందు గల భావమెట్టిదో ఎవ్వరును చెప్పకయే తెలియును. టమోటా బుట్టలు మోయు టెంపోలు, ట్రాక్టర్లు, పట్టుగూళ్ళు సంతకు చేరవేయు ఆటోలు, పాలక్యానులు వ్రేలాడు మోటారుసైకిళ్ళు అన్నియు కడుగబడి, పసుపుకుంకుమలు ధరించి, చక్రముల క్రింద నిమ్మకాయలతో బారులు తీరియుండును. కొన్ని ఏండ్ల క్రిందట ఆ బారులో ఒక వింత అతిథి కూడ నిలిచెను. బెంగుళూరినుండి పండుగకు బంధువుల ఇంటికి వచ్చిన ఒక గృహస్థుని రెండుసీట్ల పందెపు కారు అది. టాపు లేనిది, ముందు దీపములు రెండును కనుగుడ్లవలె బయటకు పొడుచుకొనివచ్చినది, ఆకుపచ్చ వన్నెది. దానికిని బూడిదగుమ్మడికాయ కొట్టిరి. నేను కెమేరా పట్టుకొని దాని చుట్టు మోకాళ్ళమీద తిరుగుచుండగా, మా వీధిలోని ఒక వృద్ధోపాధ్యాయులు అరుగుమీదనుండి పిలిచి యడిగిరి: "ఏమప్పా, ఆ టెంపోకి పూజ చేసేవాడు దానివల్ల అన్నం తింటున్నాడు. ఈ బండివల్ల ఎవరు తింటున్నారు? పోనీ అది నీదా అంటే, నీది కాదు. మరి దానికి ఈ ప్రదక్షిణం దేనికి?"

అప్పుడు నవ్వి ఊరకుంటిని. కాని ఆ ప్రశ్న నవ్వుతో తీరునది కాదు. అందు రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. తనది కాని వస్తువును, తనకు ఉపయోగింపని వస్తువును ప్రేమించుట వివేకమా, వెఱ్ఱియా అనునది మొదటిది. ఆ వస్తువును చిత్రించి, దానినిగూర్చి వ్రాసి నలుగురికి చూపువాడు ఎవరికేమి ఋణపడియున్నాడు అనునది రెండవది. మొదటిదానిని గూర్చి ఆలోచించుచు చాలకాలము గడపితిని. రెండవది తానై వచ్చి నా తలుపు తట్టినది. ఆ కథ ముందు చెప్పెదను.

మన భాషలో ఈ కార్లకు తగిన పేరు లేదు. "పాతకారు" అన్నచో తూకమునకు అమ్మవలసిన సామానని తోచును. "ప్రాచీనవాహనము" అన్నచో ఏ తవ్వకములలోనో దొరికినట్లుండును. అయినను తెలుగువంటయింటికి ఈ చిక్కు లేదు. పాతబియ్యమునకు ధర యెక్కువ. పథ్యమునకు పాత చింతకాయపచ్చడిని మించినది లేదు. అదే పచ్చడిపేరు ఒకని మాటలకు తగిలించినచో అది నింద. ఒక వస్తువు ఎప్పుడు ముదిసి పనికిమాలినదగును, ఎప్పుడు ముదిసి మేలైనదగును అను విచారణ మన అవ్వలకు కొత్తది కాదని మాత్రమే ఇచ్చట చెప్పుకొని, వీరు వాడుకొను "క్లాసిక్" అను మాటనే నేనును వాడుకొందును.

కోలారు ప్రాంతమునకు ఈ విషయముతో ఏమి సంబంధమని కొందరడుగవచ్చును. బెంగుళూరునుండి మద్రాసునకు పోవు పెద్ద రహదారి కోలారుమీదుగా, ముళబాగిలుమీదుగా పోవును. ఆదివారము తెల్లవారుజామున ఆ దారి ప్రక్కన నిలువబడినచో, ఎండ ముదురకముందే ఊరు దాటి, ముళబాగిలు దోసె తిని మరలిపోవలెనని బయలుదేరిన పాత కార్ల వరుసలు కానవచ్చును. అంతకంటె లోతైన సంబంధమొకటి గలదు. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడువరకు కోలారు జిల్లాలోనిదే. వారి ఇంటిపేరు ఆంధ్రదేశమందలి మోక్షగుండము గ్రామమునుండి వచ్చినది. అనగా మనవలెనే వలస వచ్చి ఈ నేలలో వేళ్ళు దన్నిన కుటుంబము. ఆనకట్టల విశ్వేశ్వరయ్యగారిని అందరెరుగుదురు. డెబ్బదియేండ్లు దాటిన వయస్సులో, 1930 దశాబ్దిమధ్యమున, పరదేశములు తిరిగి మోటారుకార్ల కర్మాగారములను పరిశీలించి, మనదేశములోనే కార్లు తయారు చేయుటకు పథకము వ్రాసిన విశ్వేశ్వరయ్యగారిని ఎరిగినవారు తక్కువ. ఆ పథకము మైసూరు సంస్థానములో ఫలింపలేదు. ఆ ఆలోచనను అందుకొన్న వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పెను. నేడు ఈ జిల్లాలో నరసాపురమున మోటారుసైకిళ్ళు తయారగుచున్నవి. హెలికాప్టర్లను కూర్చు కర్మాగారము వేమగల్‌లోనే వచ్చునని 2025లో ప్రకటన వెలువడినది. ఆ వృద్ధుడు చూచియుండినచో సంతసించెడివాడు.

ఇక పందెములమాట. మద్రాసు చెంత షోళవరమున, యుద్ధకాలమందు వేసిన విమానముల బాటమీద, కార్లను, మోటారుసైకిళ్ళను పరుగెత్తించుట స్వాతంత్ర్యము వచ్చిన తొలియేండ్లలోనే మొదలయ్యెను. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడినది. దిగుమతులు అరుదైన దినములవి. విడిభాగము విరిగినచో సీమకు జాబు వ్రాసి నెలలు కాచుకొనుటకంటె, పేటలోని మేస్త్రీచేత చేయించుకొనుటయే మార్గము. మద్రాసులో 1961 మొదలు తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సాధారణ కుటుంబపు కారు. కాని దాని చట్రమునుండియే సీమలో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను పందెపు కారు పుట్టెను. కావున మనవైపు స్పిట్‌ఫైరు గలవాడు హెరాల్డు సామానుకై పాత ఇనుపబజారులు గాలించును. బెంగుళూరి సిపానీ సంస్థ 1980 దశాబ్దిలో తీసిన డాల్ఫిన్ అను చిన్నకారు ఫైబర్‌గ్లాసు ఒడలు కారణముగా మిక్కిలి తేలికయై, మార్కెట్టులో ఓడినను పందెములలో పేరు తెచ్చుకొన్నది. ఇట్లు మన పందెపుకార్ల చరిత్రమంతయు అతుకుల చరిత్రము. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

ఈ కార్లను ప్రేమించువారి సంఘము చిత్రమైనది. వారిలో భూస్వామి యుండును, దంతవైద్యుడుండును, బ్యాంకినుండి విశ్రాంతి పొందిన గుమాస్తా యుండును. పరస్పరము ఇంటిపేర్లు తెలియవు గాని, ఎవరి కారు కార్బురేటరు ఏ నెలలో మొరాయించినదో అందరికి కంఠస్థము. మంత్రశాస్త్రములో వలె వీరిలోను రెండు సంప్రదాయములు గలవు. కారు కర్మాగారము వదలిన దినమున ఎట్లుండెనో మేకుతో సహా అట్లే యుండవలెనన్నది ఒకటి. కారు పరుగెత్తవలెను, పరుగెత్తుటకు ఏమి మార్చవలసివచ్చినను మార్చవచ్చునన్నది రెండవది. మొదటివారు రెండవవారిని అపచారులందురు. రెండవవారు మొదటివారిని మ్యూజియమువారందురు. ఫలహారముల బల్లయొద్ద ఇరువురును ఒకే సాంబారులో ఇడ్లీ ముంచుకొందురు.

ప్రభుత్వము 2021లో చేసిన నియమములు మొదటి సంప్రదాయమువైపు మొగ్గినవి. మొదట రిజిస్టరైన నాటినుండి 50 ఏండ్లు దాటి, చట్రము, ఒడలు, ఇంజను విషయమున పెద్ద మార్పు లేక తొలిరూపముతో నిలిచిన వాహనమే ఈ గౌరవమునకు పాత్రము. దానికి వేరు సంఖ్య నిత్తురు. క్రొత్తగా నమోదు చేయుటకు 20,000 రూపాయలు, పదేండ్లకు తిరిగి నమోదు చేయుటకు 5,000 రూపాయలు రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తిప్పవచ్చును గాని దినదినము ఆఫీసునకు పోరాదు. చట్టము కాబట్టి ఒక గీత గీయవలసినదే. అయితే "తొలిరూపము" అను మాటను చట్టము వ్రాసినంత సులభముగా మనస్సు నిర్ణయింపలేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. మిళిందప్రశ్నలను పాళీ గ్రంథములో, యవనరాజైన మిళిందుడు భిక్షువగు నాగసేనునితో వాదమునకు దిగినప్పుడు, నాగసేనుడు రాజు ఎక్కివచ్చిన రథమునే ఉదాహరణముగా తీసికొనెను. ఇరుసు రథమా? చక్రములు రథమా? నొగ రథమా? ఏదియు కాదు. అవన్నియు కూడ వేరైనచో రథమెక్కడ? రథమనునది ఆ భాగములన్నిటి కూర్పును ఆశ్రయించి మనము పెట్టుకొన్న పేరు మాత్రమేనని రాజుచేతనే అనిపించెను. ఆ భిక్షువునకు కావలసినది ఆత్మవిచారణ; రథము నిమిత్తమాత్రము. కాని రెండువేల యేండ్లకు సుమారుగా తరువాత అదే ప్రశ్న నిజముగా రథమునుగూర్చియే ఒక న్యాయస్థానమునకు వచ్చినది.

"ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు ఫ్రాన్సులోని లె మాన్ నగరమున జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1929లోను, 1930లోను వరుసగా గెలిచెను. తరువాత దానికి ఇంతకంటె పెద్ద ఇంజను బిగించి 1932లో బ్రూక్‌లాండ్స్ పందెములో దించగా, అది కట్టమీదనుండి ఎగిరిపడి, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. మిగిలినదానిని మరల కూర్చి, మూతకారుగా మార్చిరి. పిమ్మట చేతులు మారినది, భాగములు మారినవి. కోటి పౌనులకు బేరము కుదిరిన పిదప కొన్నవారు వెనుదీసిరి. లె మాన్ గెలిచిన కారులోని లోహము ఇందు దాదాపు ఏదియు లేదు, కావున ఇది ఆ కారు కాదని వారి వాదము. 1990లో లండను హైకోర్టు న్యాయమూర్తి ఆటన్ సాక్ష్యములన్నియు విని, భాగములు మారినమాట నిజమే గాని, ఏ దశయందును ఇది తెగిపోయి మరియొకటి పుట్టలేదు, పేరును చరిత్రమును ఎడతెగక ప్రవహించినవి, కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పెను. కొన్నవారు సొమ్ము చెల్లింపవలసివచ్చెను.

ఈ తీర్పును చదివినప్పుడు నాగసేనుడు గెలిచినాడనుకొంటిని. తరువాత తోచినది, నాగసేనుడు సగమే గెలిచినాడని. భాగముల కూర్పునకు పేరు పెట్టితిమనుట సరియే. కాని ఆ కూర్పును చేసిన చేతులమాట అతడెత్తలేదు, న్యాయమూర్తియు విశేషముగా ఎత్తలేదు. చరిత్రము ప్రవహించినదందుము, ప్రవహింపజేసినవారెవరు? ఒక్కొక్క మార్పునందును ఒక్కొక్క పనివాడు సుత్తి పట్టెను. కారు అదే కారని చెప్పుకొనగలుగుట వాని నైపుణ్యముచేత. కాని వాని పేరు ఎంత మరుగున పడినచో కారునకు అంత విలువ. వానిపని బయటపడినచో, "ఇది అసలుది కాదు" అందురు. ఇట్టి విచిత్రమైన దురవస్థ మరియే విద్యకును లేదేమో.

ఛాయాచిత్రమువద్దకు వత్తము. కారును ఫొటో తీయుట మనుష్యుని తీయుటకంటె కష్టము. ఏలయన కారు అద్దమువంటిది. దాని ఒంటిలో ఆకాశము, చెట్టు, టీకొట్టు, ఫొటో తీయుచున్న నా పొట్ట అన్నియు కనిపించును. అందుచేత సూర్యోదయమునకు ముందరి అరగంట మాకు అమృతఘడియ. కోలారు బండకొండల వెనుకనుండి వెలుగు వచ్చుచుండగా, నీడలు ఇంకను పడకముందు, లోహపు వంపులు తమంత తామే పలుకును. పరుగెత్తు కారును తీయవలెనన్న మరియొక ఉపాయము. క్షణములో ముప్పదవవంతు కాలము షట్టరు తెరచియుంచి, కారుతోపాటు నడుమును త్రిప్పవలెను. కుదిరినచో కారు నిలుకడగాను, చింతచెట్లు గీతలుగాను పడును. ఇరువదింటిలో ఒకటి కుదురును. అది నిజమా? చెట్లు గీతలుగా ఎవనికిని కనబడవు. అయినను ఆ చిత్రమును చూచినవాడు "ఎంత వేగము!" అనును, నిశ్చలముగా తీసినదానిని చూచినచో కారు ఆగియున్నదనుకొనును.

ఫ్రెంచి దేశీయుడు లార్తీగ్ అను యువకుడు మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు ఒక పందెములో తీసిన చిత్రము ఇందుకు పరమోదాహరణము. వెనుకచక్రము గుండ్రముగాక కోడిగ్రుడ్డువలె ముందునకు వాలియుండును. దారిప్రక్కన నిలిచిన జనులు వెనుకకు ఒరిగియుందురు. కారణము మాయ గాదు. ఆ కెమేరా తెరలోని చీలిక పలకమీద ఒక అంచునుండి మరియొక అంచునకు సాగునంతలో కారు ముందుకు పోయినది, కెమేరాయు కదలినది. తీసినవాడే అది చెడిన బొమ్మయని ప్రక్కన పెట్టెను. న్యూయార్కు ఆధునిక కళా సంగ్రహాలయము 1963లో ఆతని చిత్రములు ప్రదర్శించిన తరువాత లోకమునకు ఆతని గొప్ప తెలిసినది. నేడు వేగమునకు అదియే ప్రతిమ. చక్రము వంకరయగుట అసత్యము. కాని ఆ వంకర ఎవనిని మోసగింపలేదు. చూచినవానిని సత్యమునకు దగ్గరగా చేర్చినది. దీనినిబట్టి నేనొక నియమము కల్పించుకొని, దానితో చాలకాలము సుఖముగా నుంటిని: చిత్రములో ఏమి వంచినను దోషము లేదు, చూచువాడు మోసపోనంతవరకు. ఆ సుఖము ఒక మధ్యాహ్నము చెడినది.

బెంగుళూరి పెద్దమనిషి యొకరి ఎం.జి. టి.సి. కారును గూర్చి ఒక పత్రికకు వ్రాయుమని నన్ను కోరిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945 మొదలు 1949 వరకు ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో సుమారు పదివేలు తయారైన జాతి అది. 1250 సి.సి. ఇంజను, దూలముల చట్రము, దానిమీద యాష్ అను సీమకొయ్యతో చేసిన పంజరము, పంజరముమీద రేకు తొడుగు. ముందు మడ్‌గార్డు దీపము ప్రక్కనుండి కిందికి జారి, కాలుపెట్టు పలకలో కలియు వంపు చూడదగినది. నాకు ఆ వంపుమీదనే మనసు పోయినది. దానినే ప్రధానచిత్రముగా తీసితిని. వ్రాతలో, సీమ శిల్పుల చేతివాటమును పొగడుచు, ఇంత కాలము గడచినను ఈ వంపు చెక్కుచెదరలేదని ఒక పంక్తి వ్రాసితిని.

నిజము నాకు తెలియును. ఆ ఎడమ మడ్‌గార్డు సీమది కాదు. అసలుది తుప్పు తిని చెయ్యి పెట్టిన రాలిపోవు స్థితిలో నుండగా, రాబర్ట్‌సన్‌పేట శివారు షెడ్డులో ఒక మేస్త్రీ దానిని క్రొత్తగా కొట్టెను. నేను ఆ షెడ్డులో కూర్చుండి చూచితిని. ఆయన బాల్యముననే గనుల వర్క్‌షాపులో చేరి పని నేర్చినవాడు. అచ్చట ఏ యంత్రము విరిగినను గని ఆగరాదు. కనుక లేని భాగమును ఉన్న ఇనుముతో సృష్టించుటయే వారి విద్య. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఆయన రేకుపని షెడ్డు పెట్టుకొనెను. ఆ షెడ్డులో తెలుగు, తమిళము, కన్నడము, దక్కనీ ఉర్దూ నాలుగును ఒకే వాక్యములో దొరలును. పనిపేర్లు మాత్రము అందరికి ఒకటే — టింకరింగు, లప్పము, ప్రైమరు.

ఆయన మొదట కుడి మడ్‌గార్డుమీద అట్టలు పెట్టి, జానెడుకొక కోత చొప్పున వంపు కొలతలు కోసికొనెను. ఆ అట్టలనే తిరుగవేసి ఎడమకు కొలతలుగా గ్రహించి, పనసకొయ్య ముక్కలతో ఒక పంజరము కట్టెను. 20 గేజి రేకును మంటకు చూపి మెత్తపరచి, తోలుసంచిలో ఇసుక నింపి, దానిమీద కొయ్యసుత్తితో లోతు దించెను. రైలుపట్టా తునక ఆయనకు దాగలి. కొట్టుట, పంజరముమీద పెట్టి చూచుట, తీసి మరల కొట్టుట. పదునొకండు దినములు. లప్పము పెట్టి కప్పిపుచ్చుట ఆయనకు రోత. "లప్పము పెట్టినోడు రేకును నమ్మనోడు" అనెడివాడు. ముగిసిన నాడు అరచేయి వంపుమీద నడపి, కనులు మూసికొని, "ఇంగ చాలు" అనెను. అంతయు చూచి, రెండు చేతుల చిత్రములు కూడ తీసి, చివరకు సీమ శిల్పులను పొగడితిని.

ఎందుకట్లు చేసితిని? యజమాని కోరెను. ఆయన దుర్మార్గుడు కాడు. కారు అమ్మవలసిన అక్కర యుండెను. కొత్త రేకన్న మాట అచ్చులో పడినచో వెల తగ్గునని భయము. "అబద్ధం రాయమనలేదు సార్, ఆ సంగతి ఎత్తకండి, అంతే" అనిరి. నేను అబద్ధము వ్రాయలేదనియే నన్ను నేను నమ్మించుకొంటిని. వంపు చెక్కుచెదరలేదనుట ఒక విధముగా నిజమే గదా!

పత్రిక వచ్చిన పిదప ఒక ప్రతి పట్టుకొని షెడ్డునకు పోయితిని. పోకుండ నుండవలసినది. మేస్త్రీకి ఇంగ్లీషు చదువ రాదు. ఆయన మనుమరాలు చదివి చెప్పినది. ఆయన విని, బొమ్మను దూరముగా పట్టి చూచి, దగ్గరగా పట్టి చూచి, "బొమ్మ బాగా వచ్చిందప్పా" అనెను. కొంతసేపటికి, "సీమోళ్ళు కొట్టిందని రాసినావే, అంత బాగుందా?" అని యడిగెను. నేను మాటాడలేకపోతిని. ఆయన కంఠములో కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరినట్లే యడిగెను. తన పని సీమపనిగా చెల్లినదన్న తృప్తి, తన పేరు లేదన్న నొప్పి రెండును ఆ ప్రశ్నలో కలిసియుండెను. ఏది ఎంతయో నేటికిని నిర్ణయింపలేను. తరువాత, "మేస్త్రీ, తప్పు నాది" అన్నప్పుడు ఆయన చేయి ఊపి, మనుమరాలిని టీ తెమ్మని పంపెను.

ఆ రాత్రి నా నియమమును మరల పరీక్షించుకొంటిని. లార్తీగ్ చక్రము వంగినది. నా వాక్యమును వంగినది. భేదమెక్కడ? చూచువాడు మోసపోయెనా అని మాత్రమే నేనడుగుచుంటిని. కొన్నవాడు మోసపోయినమాట నిజమే. అది వ్యాపారదోషము, దానికి చట్టములున్నవి. కాని చూపబడినవాడొకడున్నాడని, చూపబడనివాడు మరియొకడున్నాడని, వారియెడలను నాకు బాధ్యత గలదని ఆ నియమములో ఒక్క మాటయు లేదు. లార్తీగ్ వంకరచక్రమువలన ఏ పనివానికిని అన్యాయము జరుగలేదు. నా తిన్నని వాక్యమువలన జరిగినది. పనివాని కూలి ఇచ్చిన తరువాత ఏమి ఋణమని యజమాని అనవచ్చును. ఆయన ఋణము తీరినది. చూచి ఆనందించినవాడను నేను. నేను కూలి ఇయ్యలేదు. నా ఆనందమునకు వెల కట్టవలసివచ్చినచో, అది ఎవని పనియో వానిదని చెప్పుటయే ఆ వెల. అంతకంటె తక్కువ వెల మరియొకటి లేదు, దానినే ఎగవేసితిని.

ఇంత చిన్న విషయమునకు ఇంత తర్కమేల అనువారుందురు. ధనికుల ఆటవస్తువులు, పెట్రోలు దండుగ, పాత దొరతనపు మోజు అందురు. ఈ ఆక్షేపణలో బలము లేకపోలేదు. హైదరాబాదు చౌమహల్లా భవనములోని పసుపువన్నె రోల్స్ రాయిస్‌ను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కోరి చేయించినది. వచ్చునప్పటికి ఆయన 1911లో గతించెను. లోపల సింహాసనమువంటి పీఠము. బహు కొద్ది మైళ్ళు మాత్రమే తిరిగి నిలిచిపోయినది. ఆ కారును చూచినప్పుడు నాకు ప్రేమ కలుగలేదు, ఆశ్చర్యము కలిగినది. తిరుగని చక్రమునకు మన మనస్సు అతుకుకొనదు. పలుమారు చెడి, పలుమారు బాగుపడి, ముళబాగిలు ఏటవాలున ఆయాసపడుచు ఎక్కు కారుమీదనే మమకారము కలుగును. కావున వృద్ధోపాధ్యాయుల మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది: నేను ప్రదక్షిణము చేసినది యజమాని సొత్తునకు కాదు. ఎవరో ఒకరు శ్రద్ధతో చేసిన పని ఎదుట నిలిచినప్పుడు, దానిని శ్రద్ధతో చూచుట సొంతదారునకు మాత్రమే చెందిన హక్కు గాదు. గుడి మనది కాదు, విగ్రహమును మనము చెక్కలేదు. అయినను చూచుటకే పోదుము. దానివలన ఎవరు అన్నము తినుచున్నారన్నచో, ఆ షెడ్డులో నలుగురు తినుచున్నారు.

కాని ఈ సమాధానము నన్ను మరియొక చిక్కున పడవేసినది. శ్రద్ధతో చేసిన పనియే మా మ్రొక్కునకు కారణమైనచో, గనులవైపు మా కెమేరాలు ఏల తిరుగవు? ఛాంపియన్ రీఫ్‌లో భూమిలోనికి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గుంతలు. 1902లో శివసముద్రమునుండి వచ్చిన విద్యుత్తుతో తిరిగిన యంత్రములు. వాటిని నూరేండ్లపాటు ఆగనీయక నడపిన పనివారు, వారిలో మన తెలుగువారును కలరు. నేడు గుంతలమీది ఇనుపగోపురములు కొన్ని తుప్పుపట్టి నిలిచియున్నవి. సైనైడు మట్టిదిబ్బలు గాలికి రేగుచున్నవి. రెండుసీట్ల కారుకు తోలుసీటు సీమనుండి తెప్పించు మా మిత్రులు ఆ గోపురములముందు కార్లను నిలిపి ఫొటోలు తీయించుకొందురు. గోపురము వెనుకటి తెర, కారు కథానాయిక. నేనును అట్లే తీసితిని. ఆ చిత్రములు అందముగనే యున్నవి. ఇప్పుడు వాటిని చూచినచో, తెరమీదనే చూపు నిలుచుచున్నది. దీనికి నాయొద్ద పరిష్కారము లేదు. పందెపుకారును ప్రేమించుట సులభము, అది చిన్నది, ఎరుపో ఆకుపచ్చో వన్నెది, నడపువాడు నవ్వుచు చేయి ఊపును. మూతపడిన గని చేయి ఊపదు.

పత్రికకు సవరణ పంపితిని. రెండు సంచికల తరువాత, చివరిపుటలో, మేస్త్రీ పేరుతో మూడు పంక్తులు పడినవి. కారు అప్పటికే అమ్ముడుపోయినది. కొన్నవారు నాకు ఉత్తరము వ్రాసిరి. తిట్టుదురనుకొని విప్పితిని. మడ్‌గార్డు కొట్టినవాని చిరునామా అడిగిరి. వారియొద్ద మరియొక కారు కలదట, దానికి రెండు మడ్‌గార్డులును లేవట. మొదటి యజమాని మాత్రము నాతో మాటాడుట మానిరి. ఆయన కోపములో న్యాయము లేదనలేను. నేను ఆయనకిచ్చిన మాట తప్పితిని గదా. ఒక ఋణము తీర్చుకొనుటకు మరియొకదానిని ఎగవేసినవాడనైతిని.

గత సంక్రాంతికి ఆ కొత్తయజమాని కారును షెడ్డునకు తెచ్చెను. నేను కెమేరాతో సిద్ధముగా నుంటిని. మేస్త్రీ పని ఆపి వచ్చి, చక్రమును విప్పించి, నన్ను నేలమీద పండుమనెను. ఎడమ మడ్‌గార్డు లోపలివైపు టార్చి వేసి చూపెను. అచ్చట, రంగు పూసినను, సుత్తిదెబ్బలు ఒకదాని ప్రక్క ఒకటి చేపపొలుసులవలె కనబడుచుండెను. నున్నగా చేయుటకు ఆయనకు రాక కాదు. "ఇది కావాలనే వదిలినాను, ఎవురైనా చక్రం విప్పితే కనపడాలని" అనెను. వెలుగు చాలలేదు. మనుమరాలు తెల్లకాగితము పట్టుకొని టార్చి వెలుగును దానిమీదికి మరల్చినది. మూడవ ప్రయత్నమున చిత్రము కుదిరినది.